ఉల్మెకెన్ రాయి

రోజూ గొర్రెలను మేతకు తోలుకుపోతూ ముసలి ఉల్మెకెన్ దారిలో ఒక రాయి ఏరేది. రాళ్లగుట్ట దగ్గర ఆగి దాన్ని పైన పెట్టేది. ప్రార్థనగా రెండు అరచేతులతో ముఖం నిమురుకుని గొర్రెల వెంట నడిచేది.

ఆ గుట్ట కింద, మూడు వందల ఏళ్లనాడు దండెత్తి వచ్చిన జుంగార్లను అడ్డుకుని చచ్చినవాళ్లున్నారు. పేర్లు ఎవరికీ తెలియవు. అటుగా పోయే ప్రతివాళ్లూ ఒక రాయి వేస్తారు. ఆమె తల్లీ వేసింది, తల్లి తల్లీ వేసింది.

ఈ ఏడు వాళ్లకు స్మారకం వచ్చింది. గుట్ట పక్కన సిమెంటు అరుగు, దానిమీద కంచు రౌతు. గుర్రం బాగా బలిసింది. రౌతు ముఖం జిల్లా అధికారిని పోలింది. శిల్పి తప్పేం లేదు, విగ్రహం చేయించింది ఆయనే.

ఊరంతా పెద్దక్కగా ‘అపా’ అని పిలిచే ఉల్మెకెన్ విగ్రహం చుట్టూ తిరిగి చూసింది. "జుంగార్లు తూర్పునుంచి కదా వచ్చింది. వీడు పడమటికి పోతున్నాడేం?"

"ఆవిష్కరణ సభ సాయంత్రంపూట, అపా. తూర్పుకు తిప్పితే ఫొటోలో ముఖం నల్లగా పడుతుంది," అన్నాడు ఊరిపెద్ద సెయిల్‌బెక్.

"అయితే పారిపోతున్నాడన్నమాట."

"ఆనాడు నువ్వుంటే ఆ జుంగార్లే పారిపోయేవాళ్లు."

సభకు ముందురోజు వాన కురిసింది. కార్లు బురదలో దిగబడతాయని సెయిల్‌బెక్ బెంగ. దగ్గర్లో రాళ్లున్నది గుట్టమీదే. ఉల్మెకెన్ వచ్చేసరికి ట్రాక్టరు గుట్టను నేలమీద పరిచేసింది.

"రాళ్లు పోతే వాళ్లెక్కడున్నారో ఎవరికి తెలుస్తుందిరా?"

"విగ్రహం ఉందిగా, అపా. సభ అయిపోనీ, మళ్లీ పోగేయిస్తాను."

"మా అమ్మ వేసిన రాయి ఏదో చూపించు ముందు."

సెయిల్‌బెక్ టోపీ సర్దుకున్నాడు.

సభ ఘనంగా జరిగింది. ఈ వీరులను ఎన్నటికీ మరవబోమని అధికారి కాగితం చూసి చదివాడు. పెద్ద అతిథికి చేసే మర్యాదగా గొర్రె తల ఆయన ముందే పెట్టారు. పులిసిన గుర్రం పాలు అయ్యాక వోడ్కా వచ్చింది. చివరికి అధికారినీ డ్రైవరునూ సెయిల్‌బెక్ ఇంటికి మోసుకుపోయి పడుకోబెట్టారు. అధికారి నల్ల కారు గుట్ట ఉన్న చోటే ఉండిపోయింది.

తెల్లారి ఉల్మెకెన్ గొర్రెలను తోలుకుని బయల్దేరింది. దారిలో ఒక రాయి ఏరింది. ఎప్పుడూ ఆగే చోటే ఆగింది. రాయిని కారు నెత్తిన పెట్టింది. అరచేతులతో ముఖం నిమురుకుంది. వెనక వస్తున్న కాపర్లు ఒక్కొక్కరే వంగి రాళ్లు ఏరుతున్నారు. ఆమె తిరిగి చూడలేదు, గొర్రెల వెంట నడిచింది.