కుట్టని పుస్తకాల సిస్టరమ్మ

సిస్టరమ్మ పోయిందని వాళ్ల అమ్మాయి ఫోన్ చేసినప్పుడు నేను బజార్లో కూరగాయలు బేరమాడుతున్నాను. "అన్నయ్యా, అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది" అంది. టమాటాల సంచి అక్కడే వదిలేసి ఇంటికొచ్చాను. ఆమె మాకు చుట్టం కాదు. ఒక ఊరూ కాదు, ఒక మతమూ కాదు. ఆమెది గోదావరి కింద ఏదో పల్లె, ఆదివారం చర్చికి పోయే కుటుంబం. మాది జగిత్యాల దిక్కు. అయినా కన్నతల్లి పోయినంత పనైంది నాకు. ఎందుకో చెప్పాలంటే ఒమన్ దాకా పోవాలి.

డెబ్బైల దశకం చివర్లో మా అన్న, నేను సమాయిల్ దగ్గర ఒక రోడ్డు కంపెనీలో సెంట్రింగ్ పనికి పోయాం. వంతెనలకు చెక్కలు బిగించే పని. ఒకరోజు సైట్‌లో మేకు తొక్కి, కుంటుకుంటూ ఆస్పత్రికి పోయాను. కాలు కడుగుతూ అక్కడి నర్సు, అదే మా సిస్టరమ్మ, "మేకుని సుత్తితో కొట్టాలి గానీ కాలితో కొడతారేంటయ్యా? మీ ఊళ్లో ఇలాగే నేర్పారా?" అంది. మంట మండిపోతోంది, అయినా నవ్వొచ్చింది. ఎన్నాళ్లకు తెలుగులో తిట్లు పడ్డాయి! పొద్దస్తమానం హిందీ, అరబ్బీల్లో తిట్లు తిని చెవులు తూట్లు పడ్డాయి మరి. ఇంజెక్షన్ ఇచ్చి, కట్టు కట్టి, "శుక్రవారం డ్యూటీ ఉండదుగా? రండి, చదువుకుందాం" అంది. నాకేమో చదువంటే ఒళ్లు మంట. మా అన్న మాత్రం చదువంటే పడిచస్తాడు. వాడే నన్ను లాక్కుపోయాడు.

ఆమె భర్త కోస్తాలో ఒక యూనివర్సిటీ ప్రెస్సులో పుస్తకాలు కుట్టే పనిలో ఉండేవాడు. ఆ ప్రెస్సు దక్షిణాది సంస్కృతి మీద పుస్తకాలు వేసేది. కుండలు, పడవలు, నేతలు, పెళ్లి తంతులు, జాతరలు, పల్లెల్లో ఆడవాళ్ల పాటలు. మన సంగతులన్నీ మనకే పుస్తకాలు చేసి పెట్టేవాళ్లు. పెద్ద కాగితం మీద పదహారు పేజీలు ఒకేసారి అచ్చువేసి మడుస్తారు. దాన్ని ప్రెస్సులో ఫారం అంటారు. ఇంకు అలికిందనో, పేజీ వంకరపోయిందనో పక్కన పడేసిన ఫారాలను ఆయన అడిగి తెచ్చుకుని, సెలవు నుంచి తిరిగొచ్చే నర్సుల పెట్టెల్లో చీరల మడతల మధ్య పెట్టి పంపేవాడు. కాబట్టి సిస్టరమ్మ దగ్గర నిండు పుస్తకం ఒక్కటీ లేదు. అన్నీ కుట్టు పడనివే, మధ్యమధ్య ఫారాలు లేనివే.

అదే మంచిదైంది. కుట్టు లేదు కాబట్టి ఒకే పుస్తకాన్ని పదిమంది పంచుకోవచ్చు. తలా ఒక ఫారం ఇచ్చేది. వారమంతా రూమ్‌లో చదువుకుని, చదువు రానివాడు పక్కవాడి చేత చదివించుకుని, శుక్రవారం ఆస్పత్రి వెనకాల రేకుల షెడ్డు కింద వరసగా కూర్చుని ఎవరి ఫారం వాళ్లు చెప్పాలి. బిర్యానీ తిన్న చేతులతో వచ్చామో, అయిపోయామే! "ముందు సబ్బుతో కడుక్కోండి. నూనె మరకలు పెడితే సూది మొద్దుదాన్ని ఏరి మరీ గుచ్చుతా" అనేది. అన్నంత పనీ చేస్తుందని మా అందరికీ గట్టి నమ్మకం.

ఫారం లేని చోట ఆమె ఆగనిచ్చేది కాదు. "ఇక్కడ పేజీలు లేవు. మీ ఇళ్లల్లో ఎలా చేస్తారో చెప్పండి" అనేది. ఇక చూడండి తమాషా. పెళ్లిళ్ల పుస్తకంలో పెళ్లికొడుకు కాళ్లు కడిగారు. తర్వాతి ఫారం లేదు. ఆ పై ఫారంలో ఆయన విస్తరి ముందు కూర్చుని వడ్డనకు ఎదురుచూస్తున్నాడు! తాళి ఎప్పుడు కట్టాడో దేవుడికెరుక. నిజామాబాద్ అతను ఒకటి చెప్తే, "మా దిక్కు గిట్ల గాదు, ఏం జెప్తున్నవు?" అని సిరిసిల్ల అతను లేచాడు. రెండు శుక్రవారాలు కొట్లాడుకున్నా ఆ పెళ్లికొడుక్కి పెళ్లి కాలేదు. చివరికి సిస్టరమ్మే "పాపం, అన్నం చల్లారిపోతుందయ్యా, తాళి కట్టించేయండి" అని తేల్చింది. మా అన్న నవ్వి నవ్వి పొలమారి పడిపోయాడు. వాడు అట్లా నవ్వడం నేను చూసిన ఆఖరుసారి అదే.

తర్వాత కొద్ది రోజులకే జ్వరం తగిలింది వాడికి. సైట్ నుంచి నేనే మోసుకొచ్చి ఆస్పత్రిలో చేర్చాను. జ్వరం తలకెక్కింది. డాక్టర్లు చేయాల్సిందంతా చేశారు. సిస్టరమ్మ డ్యూటీ అయిపోయినా మంచం దగ్గర నుంచి కదల్లేదు. అయినా దక్కలేదు.

శవాన్ని ఊరికి పంపే దారి ఆ రోజుల్లో మాబోటి వాళ్లకెక్కడిది? మస్కట్‌లో హిందువుల శ్మశానం ఉంది, అక్కడికి తీసుకుపోవాలన్నారు. కంపెనీ బండి వచ్చింది. తోటివాళ్లు స్నానం చేయించారు, కొత్త బట్ట కప్పారు. ఏ లోటూ చేయలేదు. నాకు మాత్రం ఒక్కటే గుబులు. మా దిక్కు మనిషి పోతే ఆడవాళ్లు వరస పెట్టి పిలుస్తూ శోకం తీయాలి. కొడుకా అనో, తమ్మీ అనో, వాడి మంచీ చెడ్డా చెప్పుకుంటూ ఏడ్వాలి. అది లేకుండా పోయినవాణ్ని ఏడ్చే దిక్కులేని చావు చచ్చాడంటారు. అంతకన్నా పెద్ద తిట్టు లేదు మా ఊళ్లో. అక్కడున్నదంతా మగవాళ్లమే. రేపు అమ్మకు ఏం ముఖం పెట్టుకుని చెప్పాలి? షెడ్డు స్తంభానికి తల కొట్టుకుని ఏడ్చాను. "మా అన్నను ఏడ్చేటోళ్లు లేరు సిస్టరమ్మా" అన్నాను.

ఆమె లోపలికి పోయి ఒక ఫారం పట్టుకొచ్చింది. ఆడవాళ్ల పాటల పుస్తకంలోది, తెలంగాణ శోకాల ఫారం. వాళ్ల చర్చికి వచ్చే పెద్ద నర్సు ఒకావిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "మనం ఇలాంటివి చేయకూడదేమో సిస్టర్?"

"నేనేం దేవుణ్ని మార్చుకోవట్లేదండీ. వాళ్లమ్మ ఇక్కడ లేదు, ఆవిడ బదులు ఏడుస్తున్నా. ఆ మాత్రం ప్రభువుకి తెలియదా?" అంది.

అన్న తలాపున నేలమీద కూర్చుంది. తెల్ల యూనిఫాం, చేతిలో కాగితం. మొదట మందుల చీటీ చదివినట్టే చదివింది. "ఏ తొవ్వన పోతివి కొడుకా... ఎదురుచూసే కండ్లకు ఏం జెప్పుదు కొడుకా..." మా మాటలు ఆమె నోట్లో తిరగడం లేదు. మేమంతా తలలు దించుకుని నిలబడ్డాం. మాట సగంలో ఉండగా ఫారం అయిపోయింది. తర్వాతిది లేదు. ఆమె కాగితం తిప్పి చూసింది. మళ్లీ తిప్పింది. తర్వాత దాన్ని మడిచి ఒళ్లో పెట్టుకుని, అన్న ముఖం వైపు చూసింది.

"మంచినీళ్లు అడిగావు కదా కొడుకా" అంది, తన మాటల్లో, తన యాసలో. "గుక్కెడు కూడా దిగలేదు కదా కొడుకా. దుప్పటి కప్పితే నాకు దండం పెట్టావు కొడుకా. నేను నిన్ను బతికించలేకపోయాను కదా కొడుకా. నీ నవ్వు మీ అమ్మకి ఎలా చూపించను కొడుకా..." ఇక ఆగలేదు. గొంతు పగిలేలా ఏడ్చింది. ఆపబోయిన పెద్దావిడే వచ్చి ఆమె భుజం పట్టుకుని పక్కన కూర్చుంది. బండి డ్రైవర్ బలూచీ మనిషి. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇంజన్ ఆపేసి దిగి నిలబడ్డాడు. నేను అప్పుడు కడుపారా ఏడ్చాను.

అస్థికలు పట్టుకుని ఊరికొచ్చాను. గడపలోనే అమ్మ అడిగింది. "ఏడ్చినోళ్లున్నరా బిడ్డా?"

"ఉన్నరమ్మా."

"ఎవలు?"

"ఓ అమ్మ. కొడుకా అని ఏడ్చింది."

ఏమేమి అందో చెప్పమంది. గుర్తున్నంతా చెప్పాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని, "అయితే నా కొడుకు దిక్కులేనోడు గాదు" అంది. ఆ పూట అన్నం ముట్టింది. సిస్టరమ్మ మా ఇంటికి చేసిన మేలు ఇది. జన్మంతా తలుచుకున్నా తీరేది కాదు. తర్వాత ఆమె ఒమన్ విడిచి వచ్చేశాక మా ఇళ్ల మధ్య రాకపోకలు పెరిగాయి. మా ఆవిడ ఆమెను అత్తా అనే పిలిచేది.

మొన్న ఆ ఫోన్ రాగానే ఇద్దరం కలిసే వెళ్లాం. సమాధుల తోటలో అంతా పద్ధతిగా ఉంది. తెల్లబట్టలు, పాటలు, ప్రార్థన. కన్నీళ్లు వస్తే రుమాళ్లతో ఒత్తుకుంటున్నారు. పెట్టె దించబోతుండగా నా పక్కనున్న మా ఆవిడ ఒక్క ఉదుటున పోయి ఇసుకలో కూలబడింది. "ఓ నా అత్తా... నా ఇంటి పెద్ద దిక్కా... మా బావను కొడుకా అని ఏడిస్తివి, నిన్ను నేనేమని ఏడుద్దు అత్తా..." అని ఎత్తుకుంది. పాట ఆగిపోయింది. జనం తిరిగి చూశారు. నేను ఆమె జబ్బ పట్టుకుని లేపబోయాను. సిస్టరమ్మ కూతురు నా చెయ్యి పక్కకు తీసి, మా ఆవిడ పక్కనే ఇసుకలో కూర్చుంది.

"ఉండనీ అన్నయ్యా. ఇంకా చెప్పు వదినా, అమ్మ వింటది" అంది.

పాస్టరు గారు బైబిల్ మూసి చంకలో పెట్టుకున్నారు. తాళ్లు పట్టుకున్నవాళ్లు పెట్టెను మళ్లీ గట్టుమీద ఆనించి నిలబడ్డారు. మా ఆవిడ చెప్పుకుంటూ పోతోంది. అందరం వింటూ నిలబడ్డాం.