డబ్ల్యు కొడితే ఏమవుతుంది

మా నాన్న విశాఖ ఓడరేవులో టాలీ గుమస్తా. ఓడలోంచి బస్తాలు దిగుతుంటే ఓడవాళ్ల తరఫున ఒకడు, ఒడ్డువాళ్ల తరఫున ఒకడు ఎదురెదురుగా నిలబడి లెక్కపెట్టేవాళ్లు. ఎదుటివాడి లెక్కని నమ్మకపోవడమే ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ బుద్ధి పోయేది కాదు. అమ్మ చేపలు కొనుక్కొస్తే, "ఆడు ఆరని సెప్పి ఐదేసుంటాడు, మళ్లీ సూడే" అనేవాడు. నాకూ అదే అబ్బింది. చాలాకాలం దాన్ని తెలివి అనుకున్నాను.

ఎనభైల మొదట్లో, ఓడల కాగితాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ద్వారకా నగర్‌లో టైపు హయ్యర్ పాసయ్యాను, అదే నా చదువు. ఊళ్లో మనుషులకి లేని ఏసీ ఆ కంప్యూటర్‌కి ఉండేది. చెప్పులు బయట విప్పి లోపలికెళ్లాలి. గుమ్మం ముందు చెప్పులు చూస్తే లోపల ఎవరున్నారో తెలిసిపోయేది. మా టెర్మినల్‌కి తెర లేదు. మనం కొట్టిందీ, అది జవాబు చెప్పిందీ అన్నీ పొడుగాటి కాగితం మీద అచ్చవుతూ పోయేవి. తప్పు కొడితే ఒక ప్రశ్నార్థకం అచ్చేసి ఊరుకునేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది.

సరుకు జాబితాలు దిద్దడానికి ఒక ఎడిటర్ ఉండేది. అందులో గొప్ప ఏమిటంటే, ఏ మీట ఏ పని చెయ్యాలో మనమే ఒక ఫైల్లో రాసిపెట్టుకోవచ్చు. హైదరాబాద్ నుంచి శిక్షణ ఇవ్వడానికి వచ్చినాయన ఆ ఫైలు రాసిచ్చి వెళ్లాడు. కంట్రోల్ నొక్కి ఇ కొడితే జాబితా భద్రమవుతుంది. డబ్ల్యు కొడితే కొత్త జాబితా కోసం ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఇ, డబ్ల్యు పక్కపక్కనే ఉంటాయి. ఆ మహానుభావుడికి ఏం బుద్ధి పుట్టిందో! వేలు కాస్త జారిందా, పొద్దుట్నించీ కొట్టిందంతా గంగపాలు. నా వేలు జారుతూనే ఉండేది.

ఆరునెలలకి రెండో షిఫ్టుకి ఒక కుర్రాడిని తీసుకున్నారు. తగరపువలస నుంచి బస్సులో వచ్చేవాడు. నాకంటే నాలుగేళ్లు చిన్న, వచ్చిన రోజునే "అక్కా" అని పిలిచాడు. నాకు ఆ పిలుపు నచ్చలేదు. ఎందుకంటే ఇద్దరమూ టెంపరరీయే, వానలు వెళ్లాక ఒక్కరినే పర్మనెంట్ చేస్తామని మేనేజర్‌గారు చెప్పి ఉన్నారు. నాన్న రిటైరైపోయాడు, ఇల్లు నా జీతం మీద నడుస్తోంది. ఒక్క కుర్చీకి ఇద్దరం ఉన్నప్పుడు అక్కేమిటి, తమ్ముడేమిటి?

రెండు గంటలకి రావలసినవాడి రబ్బరు చెప్పులు పన్నెండున్నరకే గుమ్మం ముందు కనిపించేవి. వెనకాల స్టూలు మీద కూర్చుని నేను కొడుతుంటే చూసేవాడు. షిఫ్టు అయ్యాక నేను చింపి బుట్టలో పడేసిన కాగితాలు తీసి మడతపెట్టి సంచిలో పెట్టుకునేవాడు.

"నా కాగితాలు నీ సంచిలో ఏటి సేత్తన్నాయ్?" అని ఒకరోజు గట్టిగానే అడిగాను.

"ఊరికే సూత్తన్నానక్కా, నేర్సుకుందారని," అన్నాడు.

నేర్చుకునేవాడు పుస్తకం చూస్తాడు గానీ నా చెత్త కాగితాలెందుకు? ఓడల వివరాలు వేరే కంపెనీకి చేరవేస్తున్నాడని ఆ క్షణమే తీర్మానించుకున్నాను.

తర్వాత మీటలు మారడం మొదలైంది. ఫైలు ఇద్దరికీ ఒకటే. ఒక పొద్దున్న ఒక మీట తగిలితే ఓడ పేరు, జెండా, అది రేవులో ఆగే బెర్తు అంటూ ప్రతి జాబితా పైనా నేను కొట్టుకునే నాలుగు వరుసలూ వాటంతటవే అచ్చయ్యాయి. ఇంకో రోజు ఇ కొట్టబోయి డబ్ల్యు కొట్టాను. కానీ జాబితా పోలేదు, భద్రమైంది! ఇంకెవరైనా అయితే దేవుడికి దణ్ణం పెట్టుకునేవాళ్లు. నేను మాత్రం, నా ఫైలుని ముట్టుకోవడానికి వీడెవడు అనుకున్నాను.

"రెండు మీటలకీ సేవ్ పెట్టేసేనక్కా. తుడిసేదాన్ని దూరంగా జడ్ మీద కెట్టేను. నీకు సులువవుద్దని," అన్నాడు నవ్వుతూ.

నాకు సులువైతే వాడికేం లాభం? రాత్రి అన్నం తింటూ నాన్నకి చెప్పాను. "ఊరికే ఎవుడూ బస్తా మొయ్యడు," అన్నాడు నాన్న. అంతే, నాకింక అనుమానం లేదు. అలవాటు చేయించి, అసలు రోజున మీటలు తిరగేసి నన్ను ముంచుతాడు, ఇదే వాడి ఎత్తు అనుకున్నాను. అయినా ఆ రెండు నెలలూ నా వేళ్లు మాత్రం హాయిగా పనిచేశాయి. ఇకి అందకపోతే డబ్ల్యు కొట్టేసి లేచిపోయేదాన్ని.

ఒక శనివారం మేనేజర్‌గారికి కాగితం రాసిచ్చాను. రెండో షిఫ్టు ఆపరేటర్ నాకు చెప్పకుండా మీటల ఫైలు మారుస్తున్నాడని, ఆఫీసు కాగితాలు ఇంటికి పట్టుకుపోతున్నాడని. ఆయన చదివి, "సోమవారం చూద్దాంలేమ్మా," అని సొరుగులో పెట్టారు. ఆ రోజు అతనికి సెలవు. నేను లోపలికెళ్లి హైదరాబాద్ ఆయన రాసిన పాత ఫైలుని మళ్లీ దాని చోట పెట్టేశాను. నా ఇల్లు నేను శుభ్రం చేసుకున్నట్టు ఎంత తృప్తిగా అనిపించిందో! మర్నాడు చర్చిలో కూడా తల ఎత్తుకునే కూర్చున్నాను.

సోమవారం ఎరువుల ఓడ వచ్చింది. మధ్యాహ్నం రెండింటికల్లా జాబితా కస్టమ్స్‌కి చేరాలి, లేకపోతే దింపుడు ఆగిపోతుంది. ఆరింటికే వచ్చి కూర్చున్నాను. మధ్యమధ్యలో భద్రం చేసుకునే అలవాటు అప్పట్లో మాకెవరికీ లేదు. పన్నెండుంపావుకి ఆఖరి వరుస కొట్టి, నడుం విరుచుకుని, కంట్రోల్ నొక్కి డబ్ల్యు కొట్టాను.

కొట్టిన వేలు ఇంకా మీట మీదే ఉంది. జాబితా లేదు.

పాత ఫైలు పెట్టింది నేనే. తుడిచింది నేనే. మొత్తం మళ్లీ కొట్టాలి, ఓడ ఆ రోజుకి ఆగింది. మేనేజర్‌గారు పరుగున వచ్చారు, చేతిలో నా శనివారం కాగితం. "నువ్వు ముందే రాశావు కదమ్మా, నేనే తాత్సారం చేశాను," అన్నారు. అసలు సంగతి చెబుదామనే నోరు తెరిచాను. ఆయన అప్పటికే గుమ్మం వైపు చూస్తున్నారు. రబ్బరు చెప్పులు వచ్చి ఆగాయి.

"నేనలాగ పెట్టనేదండీ," అన్నాడతను, సంగతి విని. నాకేసి తిరిగాడు. "అక్కా, నువ్వు సెప్పు. డబ్ల్యు కొడితే ఏటవుద్దో నీకు తెలుసు గదా. రెండు నెలల్నుంచి నువ్వే కొడతన్నావ్ గదా."

"నాకు తెల్దు," అన్నాను.

అతను వంగి చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

నెల తర్వాత నన్ను పర్మనెంట్ చేశారు. అతని సొరుగు ఖాళీ చెయ్యమంటే చేశాను. అందులో, అతను సంచిలో పట్టుకెళ్లిన నా కాగితాలే, తారీఖుల వారీగా కట్టలు కట్టి ఉన్నాయి. ప్రతి ప్రశ్నార్థకం చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా. పక్కన, "ఇక్కడ అక్క చెయ్యి జారింది" అని. మొదటి కట్టల్లో కాగితానికి పదీ పన్నెండు సున్నాలు. రానురాను తగ్గాయి. ఆఖరి కాగితంలో ఒక్కటే. ఓడల వివరాల పక్కన ఒక్క గీత కూడా లేదు. అక్కడే నేలమీద కూర్చుని ఏడ్చాను. చర్చిలో చేసిన తప్పులు ఒప్పుకునే పాపసంకీర్తనంలో, ఫాదర్‌గారికి అమ్మతో పోట్లాడిందీ చెప్పాను, ఉపవాసం తప్పిందీ చెప్పాను. ఇది మాత్రం చెప్పలేకపోయాను. తగరపువలస బస్సు కనిపిస్తే చాలు, మొహం తిప్పుకునేదాన్ని.

ఎనభైల చివర్లో తెరలున్న టెర్మినళ్లు, కొత్త ఎడిటర్ వచ్చాయి. దాంట్లోనూ మీటలు మనమే పెట్టుకోవచ్చు. నేను మొట్టమొదట చేసిన పని ఇకీ డబ్ల్యుకీ రెండింటికీ సేవ్ పెట్టి, తుడిచేదాన్ని జడ్ మీదకి తోసెయ్యడం. బిగించడానికి వచ్చిన ఇంజనీరు వెనక నిలబడి చూశాడు.

"చెయ్యి జారినా నష్టం లేకుండా పెట్టారే! ఎవరిదండీ ఈ ఆలోచన?"

"నాదే," అన్నాను. రెండోసారి అబద్ధం చాలా తేలిగ్గా వచ్చింది.