ఐదో మాట

నేను రాసిన కథల్లో నలుగురూ మెచ్చుకున్నది ఒక్కటే. దాన్ని మళ్లీ చదవాలంటే నాకు మనసు రాదు.

అప్పట్లో నేను భద్రాచలం అవతల అడవిలో ఒక ఊరి బడికి టీచర్ని. బడిని ఆనుకున్న గదిలోనే నా కాపురం. కాపురమంటే ఒక మంచం, ఒక కిరసనాయిలు స్టవ్వు, నేను. సాయంత్రం పిల్లలు ఇళ్లకు పోతే మళ్లీ పొద్దున దాకా నాతో మాట్లాడే మనిషి ఉండేవాడు కాదు. సెల్‌ఫోన్ సిగ్నల్ కావాలంటే వాగు దాటి గట్టెక్కాలి. ఎక్కినా ఫోన్ చేయడానికి నాకున్నది అమ్మ ఒక్కతే. నాన్న పోయాక కూడా ఆమె సారపాకలో అదే కిరాయి ఇంట్లో ఉండేది, చర్చి దగ్గరని. నేను శనివారం బస్సెక్కి వెళ్లి సోమవారం తిరిగొచ్చేవాణ్ని.

ఏమీ తోచక కథలు రాయడం మొదలుపెట్టాను. ఆ ఊళ్లో పండుగ చేసి దేవతకు పెట్టందే ఆ ఏటి కొత్త మామిడికాయ ఎవరూ ముట్టరు. అది పట్టుకుని ఒక కథ అల్లాను. చావు బతుకుల్లో ఉన్న ముసలామె ఒక్క మామిడి ముక్క అడుగుతుంది. పండుగ కాలేదని ఊరంతా చుట్టూ కూర్చుని చూస్తుందే తప్ప ఎవరూ పెట్టరు. ఆమె పోయిన మర్నాడు పండుగ చేసుకుని, మొదటి కాయ తీసుకెళ్లి సమాధి మీద పెడతారు. ఒక పేపర్ ఆదివారం సంచికలో వేశారు. గుడ్డి ఆచారం మీద ఇంత పదునైన వ్యంగ్యం ఈ మధ్య చదవలేదని సంపాదకుడు కార్డు రాశాడు. ఆ కార్డు రెండు నెలలు జేబులో పెట్టుకు తిరిగాను.

బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమె ఆ ఊరి మనిషే. గొప్పగా చదివి వినిపించాను. ఆమె గరిటె పక్కన పెట్టి నా మొహం చూసింది.

"గిట్ల ఎవరు చెప్పిండ్రు సారూ? పానం బాగలేనోళ్లకు, కడుపుతోటి ఉన్నోళ్లకు పండుగకు ముందే పెడ్తం మేము. చచ్చేటోళ్లను ఆగమంటదా దేవత?"

"ఇది కథ కదమ్మా" అన్నాను.

"అయితే మా పండుగను ఎందుకు పెట్టిండ్రు దాంట్ల?"

నవ్వేసి పేపరు మడిచాను. ఆమె చెప్పింది నిజమైతే కథకు ముగింపు లేదు, ముగింపు లేకపోతే కార్డు లేదు. నా లెక్క అంతవరకే.

ఆ మరుసటి ఏడు గుడ్ ఫ్రైడేకి మా చర్చిలో నాకు ఐదో మాట ఇచ్చారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా, సిలువ మీద క్రీస్తు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. ఐదోది దాహం గురించి. మగవాళ్లు ఎడమవైపు, ఆడవాళ్లు కుడివైపు, కింద పరిచిన జంపఖానాల మీద. మధ్యలో దారి. ఆ దారి దాటి ఇటువాళ్లు అటు వెళ్లరు. ఏడో మాట అయ్యేదాకా లేచేది లేదు, పచ్చి మంచినీళ్లు ముట్టేది లేదు. అలా అని రాసిపెట్టిందేం లేదు. మా తాతల నుంచి అంతే. సంఘంలో పెద్ద చదువులవాళ్లకు ఇచ్చే అవకాశం నాకొచ్చిందని అమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పుకుంది.

ఆమెకు అప్పటికి రెండేళ్లుగా షుగర్. పొద్దున మాత్ర తప్పొద్దని డాక్టర్ చెప్పాడు కాబట్టి ఆ శుక్రవారం కూడా ఒక్క గుక్క నీళ్లతో మాత్ర వేసుకుంది. ఉపవాసం కాబట్టి ఏమీ తినలేదు. డాక్టర్ మాటా తీసేయలేదు, సంఘం మాటా తీసేయలేదు.

"మాత్ర వేసుకుని తినకపోతే ఎట్లమ్మా? రెండు ఇడ్లీలన్నా తిను" అన్నాను.

"ఊకో. నువ్వు ప్రసంగం చెప్పే రోజు నేను తిని పోతనా?"

ఒక్కసారి చెప్పాను కాబట్టి నా పని అయిపోయిందనుకున్నాను.

నేను నిలబడేసరికి రెండు దాటింది. కరెంటు లేదు. తెల్ల చీరల మధ్య అమ్మ మూడో వరుసలో కూర్చుని ఉంది. నా ప్రసంగం బాగా వస్తోందని నాకే తెలుస్తోంది. కాసేపటికి అమ్మ కొంగుతో మొహం తుడుచుకోవడం చూశాను. నా మాటలకు ఏడుస్తోందనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, గొంతు ఇంకొంచెం తగ్గించి, ఇంకొంచెం కరుణ కలిపి చదివాను. ఆమె తల పక్కావిడ భుజం మీదికి వాలింది. పక్కావిడ కూడా ఏడుపే అనుకుని వీపు నిమిరింది. అప్పుడు అమ్మ చెయ్యి కనిపించింది. ఒళ్లో వణుకుతోంది. చెమట, వణుకు, మత్తు. అవి కనిపిస్తే షుగర్ పడిపోయినట్టని, వెంటనే చక్కెర నోట్లో వేయాలని డాక్టర్ చెప్పింది నాకే.

నాకు తెలిసిపోయింది. ఇంకా రెండు పేజీలున్నాయి. రెండు పేజీలూ చదివాను.

కిందికి దిగి నా చోట్లో కూర్చున్నాను. పక్కనున్న సంఘ పెద్ద చెవిలో, "అమ్మకు బాగలేనట్టుంది" అన్నాను.

"రెండు మాటలే ఉన్నయి బిడ్డా. ప్రభువు చూసుకుంటడు, కూసో" అన్నాడాయన కళ్లు తెరవకుండా.

కూర్చున్నాను. నన్నెవరూ పట్టి కూర్చోబెట్టలేదు. మధ్యలో ఉన్నది ఆరడుగుల దారి. ఆరో మాట సగంలో అమ్మ పక్కకు ఒరిగి పడిపోయింది, ఆడవాళ్లు కేక వేశారు. అప్పుడు దాటాను. చక్కెర తెచ్చారు కానీ అప్పటికే పళ్లు గిట్టకరుచుకున్నాయి. ఆటోలో వేసుకుని గోదావరి బ్రిడ్జి దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకెళ్లాను. గ్లూకోజ్ ఎక్కించారు.

సాయంత్రానికి కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"మొత్తం చెప్పినవా?"

"చెప్పినమ్మా."

"నన్ను జూసి మధ్యల ఆపలేదు గదా?"

"లేదు."

"అవ్, ఆపద్దు. మీ నాయన ఉంటే ఎంత మురిసేటోడో" అని నవ్వింది.

అంత సంతోషంగా ఆమె నా వైపు చూసిన రోజు ఇంకొకటి నాకు గుర్తులేదు. నాకు ఆమె మీద పట్టరాని కోపం వచ్చింది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే దాన్ని పట్టుకుని జన్మంతా ఏడ్చేవాణ్ని. రాత్రి షుగర్ మళ్లీ పడిపోయి మత్తులోకి జారింది. శనివారం పొద్దున పోయింది. ఆదివారం ఈస్టర్ పండుగ కాబట్టి ఆ సాయంత్రమే మట్టి చేశారు.

సెలవు పెట్టమన్నా పెట్టకుండా అడవికి తిరిగొచ్చేశాను. శనివారాలు వచ్చేవి, బస్సు వచ్చి వెళ్లిపోయేది, నేను ఎక్కేవాణ్ని కాదు. గట్టెక్కితే సిగ్నల్ ఉండేది, నంబరు నొక్కడానికి మనిషి లేదు. కొత్త కథ పంపమని సంపాదకుడు మళ్లీ కార్డు రాశాడు. జరిగింది జరిగినట్టు రాయబోయాను. కొడుకు దాహం గురించి ప్రసంగిస్తుంటే ఎదురుగా తల్లి తిండీ నీళ్లూ లేక సోలిపోవడం మరీ అతికించినట్టుందని నేనే కొట్టేశాను. ఇంకొకరు రాస్తే ఆ కొడుకును చదివి ఎంత అసహ్యించుకునేవాణ్నో నాకు తెలుసు.

ఏడాది తిరిగింది. సంఘ పెద్ద బడి దాకా బస్సులో వచ్చాడు. గుడ్ ఫ్రైడేకి ఈసారి కూడా నన్నే చెప్పమన్నాడు.

"పోయినసారి అందరూ ఏడ్చిండ్రు బిడ్డా. ఐదో మాట ఇగ ప్రతి ఏడు నీదే అనుకున్నం. మీ అమ్మ పేరు నిలబడ్తది."

కాదందామనే నోరు తెరిచాను. చేతిలో ఉన్న పుస్తకంతో ఆయన తల పగలగొట్టాలని కూడా అనిపించింది. తలూపాను.

ఆ శుక్రవారం పొద్దున నేను చాయ్ కూడా తాగలేదు.