వన్స్ మోర్‌లో అరిగిపోయిన మనిషి

ఆ రోజుల్లో మా కోరుట్లలో సినిమా చూడనివాడు ఎక్కడో ఒకడు ఉండేవాడేమో గానీ, సినిమా మీద నా అభిప్రాయం వినకుండా తప్పించుకున్నవాడు మాత్రం లేడు. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాలు (మరమగ్గాలు) ఆగిపోయి, పని పోగొట్టుకుని ఇంటికొచ్చి కూర్చున్న కుర్రాడి దగ్గర అభిప్రాయాలు తప్ప ఇంకేం ఉంటాయి? పాత జానపదాలంటే నాకు ప్రాణం. అట్ట కోటలో అట్టకత్తితో యుద్ధం చేసినా ఆ హీరోలు మనస్ఫూర్తిగా చేసేవారు. పౌరాణికాల్లో మబ్బులు బాగుంటాయి, మాటలే మరీ ఎక్కువ. ఏడుపు సినిమాల్లో కుట్టుమిషను కనబడిందంటే నేను లేచి చాయ్ తాగడానికి పోయేవాణ్ణి (దాని మీద ఎవరో ఒకరు రక్తం కక్కుకోవడం ఖాయం). ఇప్పటి సినిమాలంటారా, ఆకాశం నుంచి ఊరంతా చూపిస్తారు గానీ ఊళ్ళో మనిషిని చూపించరు. ఇక దయ్యాల సినిమాలు. తెల్లచీర, గజ్జెల చప్పుడు, కిర్రుమనే తలుపు, ఇవేవీ నన్ను ఒక్కసారి కూడా భయపెట్టలేదు. తలుపుకు చుక్క నూనె వెయ్యని ఆ ఇంటివాళ్ళ మీద కోపం మాత్రం వచ్చేది. నన్ను నిజంగా భయపెట్టిన సినిమా ఒక్కటే ఉంది. అది ప్రేమకథ. కడుపుబ్బ నవ్విస్తుందని పోస్టరు మీద కూడా రాశారు.

ఆ సినిమా సంగతి చెప్పాలంటే ముందు మా అన్న సంగతి చెప్పాలి. అన్న తాటిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. వానలు మొహం చాటేసి, కల్లు తాగేవాళ్ళు కూడా ఊరు విడిచిపోవడం మొదలయ్యాక, అందరిలాగే తనూ ఒక ఏజెంటును పట్టుకుని గల్ఫ్‌కు పోయాడు. పోయిన కొత్తలో ఒకసారి ఫోన్ చేశాడు, కంపెనీ పని అని చెప్పాడు. ఆ తర్వాత మాట లేదు, పలుకు లేదు. ఏజెంటు ఇంటికి తాళం. మా గల్లీలో అటు చూసినా ఇటు చూసినా ఇవే ఇళ్ళు. అరుగుల మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు, లోపల గోడకు దిగిన మేకుకు తగిలించిన ప్యాంటు, ఆ ప్యాంటు మనిషి ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. మా అవ్వ (మా దగ్గర అమ్మను అలాగే అంటాం) పొద్దున లేస్తే వాకిలి ఊడ్చేముందు గడప మీద నిలబడి గల్లీ చివరిదాకా చూసేది. వదినె అది కూడా చూసేది కాదు, తలవంచుకుని బీడీ ఆకు కత్తిరించేది. అన్న బతికి ఉన్నాడా లేడా అన్న ప్రశ్న మా ఇంట్లో ఎవరూ పైకి అనేవారు కాదు. అన్నం దగ్గర మాత్రం అది కూడా మాతో పాటే కూర్చునేది.

అలాంటి రోజుల్లో ఆ సినిమా వచ్చింది. మొదటిరోజు మార్నింగ్ షోకి పోయాను (అభిప్రాయం ఆలస్యమైతే విలువ ఉండదు). కథ నాసిరకం, హీరోకి నడక రాదు, హీరోయిన్‌కు ఏడుపు రాదు. లేచిపోదామనుకుంటుండగా గల్ఫ్‌లో తీసిన పాట మొదలైంది. ఆకాశాన్నంటే అద్దాల మేడ, దాని ముందు ఇద్దరూ గెంతుతున్నారు, హీరోయిన్ ఎర్ర చున్నీ గాల్లోకి ఎగరేసింది. ఆ చున్నీ కిందికి దిగగానే వెనకాల మూలన నీలం కంపెనీ డ్రెస్సులో ఒక మనిషి, చేతిలో చీపురు, ఒక చెయ్యి నడుం మీద. తల ఎత్తి మేడను కింది నుంచి పైదాకా కొలిచినట్టు చూశాడు. తర్వాత మెల్లగా తల దించి నేరుగా హాల్లోకి, నా వైపు చూశాడు. తాటిచెట్టు ఎక్కేముందు మా అన్న సరిగ్గా అలాగే నడుం మీద చెయ్యి వేసి చూసేవాడు. ఇంటర్వెల్ కూడా కాకముందే ఇంటికి పరుగెత్తాను.

మ్యాట్నీకి అవ్వనూ వదినెనూ తీసుకుపోయాను. అవ్వ చివరిసారి సినిమా చూసింది తన పెళ్ళయిన కొత్తలోనట. పాట వచ్చింది, చున్నీ ఎగిరింది, అవ్వ నా మోచెయ్యి పట్టుకుంది. "పెద్దోడే. బక్కగైండు గని పెద్దోడే," అంది. నాలుగైదు క్షణాల్లో పోయే దృశ్యం అది. నేను లేచి నిలబడి "వన్స్ మోర్" అని అరిచాను. ఆ కాలంలో జనం గట్టిగా పట్టుబడితే ఆపరేటర్ పాటను వెనక్కి తిప్పి మళ్ళీ వేసేవాడు. పాట బాగుందనుకుని ముందు బెంచీల కుర్రాళ్ళు కూడా నాతో గొంతు కలిపారు. రెండోసారి చూశాక అవ్వ మెల్లగా అంది, "ఇందాక గింతసేపు సూడలే. ఇప్పుడు మనల్ని గుర్తువట్టిండు." నాకూ అలాగే అనిపించింది, అదే నా భయం. తీసిన బొమ్మ మారదని ఊరందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి, ఆ మనిషి ఈసారి కాస్త తొందరగా తల దించాడని ప్రమాణం చేసి చెప్పగలిగేవాణ్ణి. వదినెను చూశాను. ఆమె తెర వైపే చూస్తోంది. "నాకైతే గాడ ఎవ్వలు కనవడ్తలేరు," అంది. కళ్ళనిండా నీళ్ళుంటే ఏం కనబడుతుందని సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ మాట నా వెన్నులో చాలాసేపు నిలబడిపోయింది.

మన దగ్గర మాట దాగదు కదా. బీడీ కార్ఖానాలో అవ్వ ఎవరికో చెప్పింది, వాళ్ళు ఇంకెవరికో చెప్పారు. రెండోరోజు నుంచి హాలు నిండా ఆడవాళ్ళే. కథలాపూర్ నుంచి, ఇంకా అటు పల్లెల నుంచి పొద్దున బస్సుకే దిగేవారు. అట్టర్ ఫ్లాప్ సినిమాకు ఆడవాళ్ళ క్యూ చూసి థియేటర్ యజమాని అది కుటుంబ కథాచిత్రమని మైకులో చెప్పించాడు. లోపల మాత్రం ఒక్కరు కూడా హీరో మొహం చూసేవారు కాదు. ప్రేమ, తన్నులాట, జోకులు అన్నీ చీకట్లో వాటంతటవే జరిగిపోయేవి, ఎవరూ నవ్వేవారు కాదు. పాట రాగానే హాలంతా ఒక్కసారే ముందుకు వంగి తెర మూలకు చూసేది. అక్కడక్కడా చిన్న గొంతుతో పేర్లు పిలిచేవారు, ఇంట్లో పడుకున్నవాణ్ణి లేపినట్టు. వెనక నిలబడి అది వింటుంటే నా చేతుల మీద వెంట్రుకలు లేచేవి. ఏ దయ్యాల సినిమా తీసినవాడికీ ఆ సంగతి తెలియదు.

మూడోరోజు కాబోలు, మా ముందు వరసలోని ఒకావిడ లేచి వెనక్కి తిరిగింది. గల్లీ గల్లీ తిరిగి గాజులమ్మే ఖాలా (ఉర్దూలో పిన్ని), మా ఇంట్లో అందరి చేతులూ ఎరిగిన మనిషే. "ఎవలి కొడుకును పట్టుకోని ఎవలి కొడుకంటున్నవ్ చెల్లె? గాడు మా చిన్నోడు," అంది. వాళ్ళ చిన్నబ్బాయి కూడా అటే పోయి మాయమయ్యాడు. గాజుల పెట్టె మోసీ మోసీ నడుం మీద చెయ్యి వేసుకోవడం వాడికి అలవాటట. తాటిచెట్టు ఎక్కేవాడి చెయ్యి అని అవ్వ, పెట్టె మోసేవాడి చెయ్యి అని ఖాలా. పాట అయిపోయింది, సినిమా అయిపోయింది, వీళ్ళ లొల్లి సైకిల్ స్టాండుదాకా నడిచింది. ఒకరి మొహం ఒకరు చూడమని ఒట్టు కూడా పెట్టుకున్నారు. మర్నాడు మళ్ళీ పక్కపక్కనే కూర్చున్నారు, ఎందుకంటే ఆ మూల బాగా కనబడేది అక్కడి నుంచే.

సినిమా కోరుట్లలో ఎత్తేశారు, డబ్బాలు జగిత్యాలకు పోయాయి. డబ్బాల వెనకే మేము. ఒకే బస్సులో అవ్వ కిటికీ పక్కన, ఖాలా ఇటు పక్కన, మధ్యలో రాయబారిలా నేను. అక్కడ పాట కొంచెం ఎగిరి పడినట్టనిపించింది. ఆపరేటర్ గదికి పోయి అడిగితే ఆయన చెప్పాడు, వన్స్ మోర్ వన్స్ మోర్ అని తిప్పిన కొద్దీ రీలు అక్కడే తెగుతోందట, తెగిన ప్రతిసారీ రెండు కొసలూ కోసి అతికించాల్సిందేనట. "తిప్పుమంటె తిప్పుత తమ్మీ. గని తిప్పినకొద్ది గీ మనిషే పోతున్నడు," అన్నాడు. కోసి కింద పడేసిన ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. బయటికొచ్చి ఎండకు పెట్టి చూశాను. గోరంత నీలం మచ్చ, దాని పైన తెల్లటి చుక్క. కళ్ళు లేవు, ముక్కు లేదు, మొహమే లేదు. మిట్ట మధ్యాహ్నం, బస్టాండు నిండా జనం, నాకు మాత్రం వణుకు పుట్టింది. మరి ఇన్ని రోజులూ నన్ను చూసిందెవరు? ఆ ముక్క అవ్వకు చూపించలేదు. ఇక వన్స్ మోర్ అనొద్దని మాత్రం చెప్పాను. అవ్వా ఖాలా కలిసి నన్నే తిట్టారు. వాళ్ళిద్దరికీ మాట కలిసింది అప్పుడే.

జగిత్యాల తర్వాత సిరిసిల్ల. నేను పనిచేసిన ఊరే, అయినా బస్సు దిగాక ఎక్కడికొచ్చామో అర్థం కాలేదు. ఎప్పుడూ సాంచాల చప్పుడుతో చెవులు గింగురుమనే ఊరు. ఆ రోజు గల్లీలో మా చెప్పుల చప్పుడు మాకే వినబడింది. షెడ్లకు తాళాలు, కిటికీలో నుంచి చూస్తే సగం నేసిన బట్ట సాంచె మీద అలాగే ఉంది, నేసేవాడు లేచి పని కోసం మహారాష్ట్రలో ఏ భీవండికో పోయాడు. హాల్లో మేము కాక ఏ పదిమందో. పాట వచ్చింది. ఎర్ర చున్నీ ఎగిరింది. తెర ఒక్క ఎగురు ఎగిరింది. చున్నీ కింద ఉంది, హీరోహీరోయిన్లు వేరే చోట గెంతుతున్నారు. మేడా లేదు, దాని ముందు మనిషీ లేడు.

ఖాలా చాలా మెల్లగా, "ఏడి?" అంది. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి విడిచింది మళ్ళీ కోరుట్ల బస్టాండులోనే. అదే చూసీ చూసీ వాణ్ణి మేమే తెర మీద లేకుండా చేశామన్న సంగతి ఆ బస్సులో నాకొక్కడికే తెలుసు. ఇంట్లో ఆ రాత్రి అవ్వ అన్నం ముట్టలేదు. ఆ తర్వాత పొద్దున్నే గడప మీద నిలబడడం కూడా మానేసింది. నాకు అది అన్నిటికంటే ఎక్కువ భయమేసింది.

ఎండలు ముదిరేవేళకు అన్న వచ్చాడు. పాస్‌పోర్టు లేనివాళ్ళకు అక్కడ ఇచ్చే ఔట్‌పాస్ మీద, కట్టుబట్టలతో, గుర్తుపట్టలేనంత నల్లబడి. అవ్వ వాణ్ణి తడిమి తడిమి చూసింది. తర్వాత అందరం ఒకేసారి అడిగింది ఆ అద్దాల మేడ గురించే. అన్న తెల్లమొహం వేశాడు. కంపెనీ పని అని తీసుకుపోయి ఎడారిలో వదిలేశారట. "గా పట్నం నేను కండ్లతోని సూడలే. గొర్లు, ఇసుక. గంతే," అన్నాడు. వదినె అప్పుడు నా వైపు ఒక చూపు చూసింది. ఇప్పటికీ ఆ చూపు మీద నాకు అభిప్రాయం లేదు.

అన్న మళ్ళీ తాటిచెట్టు ఎక్కిన మొదటిరోజు దింపిన ముంజలు అవ్వ చీరకొంగులో కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని ఖాలా ఇంటికి నడిచింది. దారిలో నేను ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. వెలుతురు, దూరం, కెమెరా, మనసు చూడాలనుకున్నదే కన్ను ఎలా చూస్తుంది, ఇలా చాలా తెలివైన మాటలు. గాజులు వేలాడే ఆ చిన్న గదిలో అవ్వ ముంజలు దించి, కూర్చోకముందే చెప్పేసింది. "అక్కా, మావోడు ఇంటికచ్చిండు. సిన్మల ఉన్నది మావోడు గాదు. నీ కొడుకే. నేనే ఉత్తగ లొల్లి వెట్టుకున్న."

ఖాలా కొంగుతో మొహం కప్పుకుంది. అప్పుడే చెప్పాను కదా అని ఎక్కడో కొంగు లోపల నుంచి అంది. తర్వాత నా వైపు తిరిగింది. "బేటా, నువ్వు సిన్మలన్ని సమజైనోనివి. నా కండ్లు మంచిగలెవ్వు. గాడు గట్ల సూసినప్పుడు మొకం ఎట్లుండె?"

ఎండకు పెట్టి చూసిన ఆ ముక్క గుర్తొచ్చింది. అవ్వ నన్నే చూస్తోంది. "నవ్వుతుండె ఖాలా," అన్నాను. "మంచిగున్నడు. మొకం నిండుగున్నది."

ఆ అబ్బాయి కబురు తర్వాత కూడా ఏదీ రాలేదు. ఖాలా ఉన్నన్నాళ్ళు, అద్దాల మేడ ముందు తన కొడుకు నవ్వుతూ నిలబడ్డాడని అందరికీ చెప్పింది, సాక్షిగా నన్ను చూపించింది. ఆ తర్వాత ఎన్నో సినిమాలు చూశాను. ఎంతోమంది హీరోలను ఎత్తాను, దించాను. తప్పని తేలిన అభిప్రాయాలు వెనక్కి తీసుకున్నాను, కొన్నిటికి ఇప్పటికీ సిగ్గుపడతాను. తెలివితేటలన్నీ మింగేసి, లేని మొహం మీద నవ్వు చూశానని చెప్పిన అప్పటి నన్ను, ఆ బక్క కుర్రాణ్ణి తలుచుకుంటే మాత్రం నాకు ముద్దొస్తుంది. వాడు జీవితంలో ఇచ్చిన అభిప్రాయాలన్నిటిలో నేను ఇప్పటికీ మార్చుకోనిది అదొక్కటే.