మా తెలుగయ్యవారు వినిపించిన గొంతు

మా తెలుగయ్యవారు పోయారు. మొన్న ఆత్మకూరు నుంచి వచ్చిన బస్సు కండక్టరు బడి ముందర బండి ఆపి, "అమ్మా, అయ్యవారు ఇంక లేరంట" అని చెప్పి వెళ్ళాడు. అతనూ ఆయన దగ్గర చదువుకున్నవాడే. కలువాయి బడిలో నేనిప్పుడు చెప్పేది కూడా తెలుగే. ఆ పూట పాఠం చెప్పలేకపోయాను.

ఉదయగిరి హైస్కూల్లో ఆయన మాకు మూడేళ్ళు చెప్పారు. గొంతు చెడకూడదని జేబులో ఎప్పుడూ శొంఠి ముక్క ఉండేది. ఏ అక్షరానికి నాలుక ఎక్కడ తగలాలో తన నోరు తెరిచి చూపించేవారు. "ఎవరి తప్పు వాళ్ళ చెవిన పడితేనే దిద్దుకుంటారు" అనేది ఆయన గట్టి నమ్మకం.

అందుకే బడికి టేపురికార్డరు వచ్చినప్పుడు, మిగతా అయ్యవార్లు బీరువాలో పెట్టి తాళం వేద్దామన్నా, ఆయన మా తరగతికి మోసుకొచ్చారు. ఒక్కొక్కరి చేత పాఠం చదివించి, రికార్డు చేసి, అందరి ముందూ వినిపించేవారు.

ఒకరోజు నా పక్కన కూర్చునే పిల్ల వంతు వచ్చింది. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడతారు. లెక్కల్లో మా అందరికంటే ముందుండేది. పాఠంలో "తల్లి కళ్ళు తుడుచుకుంది" అని ఉంటే, "తల్లి కల్లు తుడుచుకుంది" అని చదివింది. టేపులో అది వినపడగానే మొదట నవ్వింది నేనే. తరగతంతా పగలబడి నవ్వింది. తప్పు ఆమె చెవికి పట్టాలని అయ్యవారు మరో రెండుసార్లు వేశారు. ఆ పిల్ల పుస్తకం మూసి సంచిలో పెట్టేసుకుంది. సాయంత్రం బజార్లో మగపిల్లలు "ఏయ్ కల్లూ" అని వెంటబడ్డారు. మర్నాటి నుంచి బడికి రాలేదు.

వారం చూసి, అయ్యవారు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. వాళ్ళ నాయన చెక్కిన కొయ్య గరిటెల్ని ఆ పిల్ల గరుకు కాగితంతో రుద్దుతోంది.

"తప్పు నాదమ్మా. ఆ మిషను నీ ముందర ఇంకెప్పుడూ పెట్టను. రేపు రామ్మా."

ఆమె ఇంకో గరిటె చేతిలోకి తీసుకుంది. మొదట నవ్వింది నేనేనని, తప్పు నాదేనని నేను చెప్పలేకపోయాను.

వాళ్ళమ్మ అంది: "ఇది తెలుగు మాట్లాడేదే మానేసిందయ్యా. అంగడికి పంపితే ఏలు చూపించి సరుకు తెస్తా ఉండాది."

ఆ ఏడంతా ఆయన వెళ్తూనే ఉన్నారు. మరుసటేడు ఆ పిల్లకి పెళ్ళి చేసి మర్రిపాడు వైపు పంపేశారు.

ఆ తర్వాత ఆయన టేపురికార్డరులో ముందు తన గొంతే వినిపించి, "నేను యాడ తప్పినానో చెప్పండి" అనేవారు. పిల్లల గొంతు మాత్రం ఎవరిది వాళ్ళకే, తలుపు మూసి వినిపించేవారు. నాకు ఉద్యోగం వచ్చినప్పుడు కాళ్ళకు దండం పెడితే, "మిషనుదేం తప్పు లేదమ్మా. నాకే పిల్ల కంటే అక్షరం పెద్దదయింది. నువ్వు అట్ట చెయ్యబాక" అన్నారు.

పోయినేడు పక్షవాతం వచ్చి ఆయన మాట పడిపోయింది. చివరిసారి ఆత్మకూరులో ఆయన మంచం పక్కన కూర్చున్నప్పుడు ఏదో చెప్పబోయారు. ఒక్క మాట కోసం పెదవులు చాలాసేపు పెనుగులాడాయి. వచ్చిన ముద్ద మాట నాకు అర్థం కాలేదు, ఆయన చెవిన మాత్రం పడింది.

"నిదానంగా చెప్పండయ్యా, నేనుంటాను" అన్నాను.

ఆయన నన్నే చూస్తూ, పనిచేసే చేత్తో దుప్పటిని మెల్లగా నోటి మీదికి లాక్కున్నారు.