కొత్తపేట చర్చిలో అమ్మ పాడిన కీర్తన

మా అమ్మ రిటైరైన తెలుగు టీచరు. డెబ్భై ఆరేళ్లు. వినికిడి బాగా తగ్గింది. చెవి మిషను పెట్టుకుంటే మైకు గోలగా ఉందని చర్చి మానేసింది. తర్వాత పక్కింటికి వెళ్లడమూ మానేసింది. తిండి తగ్గింది. డాక్టరుగారు రిపోర్టులన్నీ చూసి, నలుగురిలోకి తీసుకెళ్లమన్నారు. అందుకే కిందటి నెల ఒక ఆదివారం, ఆవిడ పుట్టి పెరిగిన కొత్తపేటకి బయలుదేరదీశాను.

రాజమండ్రిలో ఆరున్నరకి అమలాపురం బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకి టికెట్టు డబ్బులు లేవు. రావులపాలెం దాటాక వరిచేలూ కొబ్బరితోటలూ వచ్చాయి. అమ్మ కిటికీ వైపు చూడలేదు. ఎనిమిది దాటాక కొత్తపేటలో దిగి, ఇడ్లీ తిని, నలభై రూపాయలకి ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవరు దిగి అమ్మకి చెయ్యి అందించాడు. "నిదానంగా ఎక్కండమ్మా. తొమ్మిదిన్నరకి గానీ ఆరాధన మొదలవదండి."

చర్చి వాకిట్లో రూతమ్మగారు ఎదురొచ్చారు. అమ్మకి చిన్ననాటి స్నేహితురాలు. "వందనాలు సుగుణా. ఇన్నాళ్లకి వచ్చేవా?"

అమ్మకి వినబడలేదు గానీ, ఆవిడ ముఖం చూసి తనే చెప్పింది. "నాకు చెవులు పోయేయే రూతూ. పాట ఎక్కడిదాకా వచ్చిందో తెలీదు. తప్పు పాడితే నవ్వుతారు."

రూతమ్మగారు అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, రెండో వరుసలో తన పక్కన కూర్చోబెట్టుకున్నారు. కీర్తన మొదలవగానే పాటల పుస్తకం ఇద్దరి ఒళ్లో పరిచి, ఒక చేతి వేలు మాటల కింద జరుపుతూ, రెండో చేత్తో అమ్మ మోకాలి మీద తాళం వేశారు. మొదటి చరణం అమ్మ నోరు విప్పలేదు. రెండో చరణంలో పెదాలు కదిలాయి. మూడో చరణానికి గొంతు లేచింది. శ్రుతి తప్పింది, అందరికంటే ఒక మాట వెనకపడింది. ముందు వరుసలో ఒకావిడ వెనక్కి తిరిగి చూసింది. చూసి, తన పాట నెమ్మది చేసింది. పక్కవాళ్లూ నెమ్మది చేశారు. పల్లవికి వచ్చేసరికి చర్చంతా అమ్మతో కలిసి పాడుతోంది.

భోజనం రూతమ్మగారింట్లోనే. పనసపొట్టు కూర అమ్మ మారు వడ్డించుకుంది. పెరట్లో చేతులు కడుక్కుంటూ, అలా వేలు జరపాలని ఎలా తోచిందని రూతమ్మగారిని అడిగాను.

"నాకూ అక్షరాలు ఆనవు అమ్మాయ్. పాట నంబరూ వరసలూ మసగ్గా కనిపిస్తాయి అంతే. పాట కంఠతా వచ్చు కదా, అందాజుగా జరిపేను."

పెద్ద వయసులో భక్తి ఆరోగ్యానికి మంచిదంటారు. నేనూ అమ్మకి పెద్దక్షరాల బైబిలు కొన్నాను, ఫోన్లో ప్రసంగాలు పెట్టిచ్చాను. పక్కన ఒక మనిషి ఉండాలని మాత్రం తట్టలేదు. ఇప్పుడు మా ఊరి చర్చిలో అమ్మ పక్కనే కూర్చుంటున్నాను. చెవులు అలాగే ఉన్నాయి. తిండి మెరుగైంది. పెద్దవాళ్లని తీసుకెళ్లేవారికి ఒక్క మాట: ఆరాధనకి గంట ముందే చేరండి. వాకిట్లో పలకరింపులకే వాళ్లకి అంత సమయం కావాలి.