హోల్డ్ అని రాసిన చోట సున్నా

పటాన్‌చెరులోని మా డ్రాయింగ్ ఆఫీసులో కొత్తగా చేరిన వాళ్ళకు ఒక కథ చెబుతారు. వెనకట ఇక్కడ ఒక అక్క పనిచేసేదట, పట్టికలో ఒక కొలత వేయడం మరిచిపోయిందట, ఖరీదైన పైపులన్నీ పొట్టిగా కోసి తుక్కులో వేయాల్సి వచ్చిందట. ఆ కథ అబద్ధం. దాన్ని మొదట చెప్పింది నేనే.

మేము మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు చేస్తాం. ట్యాంకులోకి దిగే పైపు పైన ఎంత బయటికి రావాలో డ్రాయింగులోని పట్టికలో ఉంటుంది. ఆ పట్టిక నింపేది అక్క. పార్టీ, అంటే ట్యాంకు చేయించుకునే కంపెనీ, ఇంకా ఖాయం చేయని కొలతకు ఉజ్జాయింపు అంకె వేయడం ఆమెకు చేతకాదు. అక్కడ హోల్డ్ అని టైపు చేసేది. హోల్డ్ ఉన్న పైపును కోయకూడదని షాపులో అందరికీ తెలుసు.

పట్టికను చేత్తో ఎత్తి రాసే బాధ తప్పించాలని నేను డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉండే ఆటోలిస్ప్ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. గడిలోని అక్షరాలను ఎటాఫ్ అనే ఫంక్షన్‌తో సంఖ్యగా మార్చి, లోపలి పొడవు కలిపి, కటింగ్ లిస్టు తీస్తుంది. అంకె కాని మాట ఇస్తే ఎటాఫ్ ఆగదు, అడగదు. సున్నా ఇచ్చేస్తుంది. డిస్టాఫ్ అనే ఇంకో ఫంక్షన్ వాడితే సంఖ్య కానప్పుడు నిల్, అంటే ఏమీ లేదని, వస్తుంది, అక్కడ ఆపేయవచ్చు. నాకది తెలుసు. తొందరలో వదిలేశాను.

అక్క హోల్డ్ అని రాసిన గడి నా లిస్టులో సున్నా అయింది. లోపలి పొడవు ఎలాగూ ఉంది కనుక కోసేవాళ్ళకు అనుమానం రాలేదు, పైపులన్నీ పొట్టిగా తెగాయి. ఈలోగా పార్టీ కొలత పంపితే అదే ఫైలులో అంకె వేసి సేవ్ చేశారు. హోల్డ్ అన్న మాట మిగిలింది నా కంప్యూటర్లోని పాత కాపీలో మాత్రమే.

మేనేజర్ ఇద్దరినీ పిలిచాడు.

"గడి ఖాళీ ఇడిసినవామ్మా?"

"ఖాళీ ఎందుకుంటది సార్? హోల్డ్ అని రాసిన. ఈయన్నడుగుండ్రి."

అప్పటికే నేను పాత కాపీ తెరిచి చూసి ఉన్నాను. అయినా అన్నాను: "పట్టికల ఏముంటే లిస్టుల గదే వస్తది సార్."

ఆమెకు మెమో ఇచ్చారు. రెండు నెలలకు మానేసింది.

పదకొండేళ్ళ తర్వాత, పోయిన నెల, పోతిరెడ్డిపల్లిలో ఆమె ఇంటికి వెళ్ళి అంతా చెప్పాను. ఆమె చాయ్ గ్లాసు నా ముందు పెట్టింది.

"ఒక్క లైను దిద్దనీకి పదకొండేండ్లు పట్టిందా తమ్మీ?"

"లైను ఆ దినమే దిద్దినక్కా."

"అంటే లైను దిద్దినవు, నన్ను ఇడిసిపెట్టినవు." మళ్ళీ తనే అంది: "నేనేం రాసిన్నో నాకు యాదుంది. నాకెందుకు చెప్తవ్? తెల్వనోళ్ళకు చెప్పు."

ఆ తర్వాతి సోమవారం కొత్తవాళ్ళ ట్రైనింగు. అదే మేనేజర్ నవ్వుకుంటూ అక్క కథ మొదలుపెట్టాడు. నేను లేచి పాత కాపీని ప్రొజెక్టర్ మీద తెరిచాను. గడిలో హోల్డ్ కనిపించింది. దాని మీద, లైను దిద్దకముందటి నా పాత ప్రోగ్రాం నడిపాను. సున్నా వచ్చింది. "ఆమె మరువలే. తప్పు నాది," అన్నాను.

మేనేజర్ నన్ను బయటికి తీసుకుపోయాడు. "గిప్పుడెందుకయ్యా పాత లొల్లి? నీ నౌకరి సంగతి సూసుకో."

"సూసుకునే చెప్పిన సార్. ఆ మెమో వాపస్ తీసుకోండ్రి."

"ఫైల్ల వడ్డ కాయితం వాపస్ రాదు."

"అట్లయితే నా కాయితం గూడ దాని పక్కన వెట్టుండ్రి."

జరిగింది రాసి, సంతకం చేసి, ఆ పాత పట్టిక ప్రింటు జోడించి ఇచ్చాను. తీసుకున్నట్టు ముద్ర వేయడానికి హెచ్‌ఆర్ వాళ్ళు ఒప్పుకోలేదు. మర్నాడు మళ్ళీ ఇచ్చాను. ఇప్పటికి తొమ్మిదిసార్లు ఇచ్చాను. రేపు డ్యూటీ ఎక్కే ముందు పదోసారి ఇస్తాను. గేటు బయటికి పంపితే పంపనీ, పోస్టులో పంపుతాను. ఆమె ఖాళీ వదల్లేదు. ఆమె ఫైలులో ఆ మాట పడేదాకా నేను ఊరుకోను.